పంజాగుట్టలో ఇంకో గుట్ట

నాలుగేళ్లుగా అమీర్‌పేటలో ఉంటున్నా. ఇక్కడ టీ అంటే ఒకటే అర్థం. మైత్రీవనం దగ్గర క్లాసుకీ క్లాసుకీ మధ్య రోడ్డు పక్కన నిలబడి తాగేది. గుండెలో కూడా ఒక 'టీ' ఉంటుందని ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో చదువుకున్నా. చదువుకున్నానంటే, దాన్ని ఎలా తీసి పారెయ్యాలో చదువుకున్నా.

నాది ఈసీఈ. మా బ్యాచ్ నలుగురం కలిసి చేసిన ప్రాజెక్టు, ఈసీజీ సిగ్నల్‌లోంచి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టడం. అమెరికాలో ఎంఐటీ వాళ్లూ, బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి వాళ్లూ కలిసి తయారుచేసిన 48 రికార్డింగులు నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. ఒక్కోటి అరగంట, సెకనుకి 360 శాంపిళ్లు. వాటి మీద 1985 నాటి పాన్-టాంప్‌కిన్స్ ఆల్గారిథం నడిపాం. బయోమెడికల్ ప్రాజెక్టు చేసిన ప్రతి ఈసీఈ వాడికీ ఈ పేరు తెలిసే ఉంటుంది. ఎక్కువమందికి పేరే తెలుస్తుంది, అది వేరే సంగతి.

ఈసీజీ గీతని మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ముందు చిన్న బుడిపె, అది పీ. తర్వాత సూదిలా పైకి లేచి దిగే గీత, అది క్యూ-ఆర్-ఎస్. కొంచెం ఆగి, మెల్లగా లేచి మెల్లగా దిగే ఒక గుట్ట, అది టీ. ఈ పేర్లు పెట్టినాయన నెదర్లాండ్స్‌కి చెందిన ఐంట్‌హోవెన్. ఈసీజీ మీద చేసిన పనికిగాను 1924లో ఆయనకి నోబెల్ వచ్చింది. గుండెచప్పుడు లెక్కపెట్టాలంటే ఆ సూదిని, అంటే 'ఆర్'ని పట్టుకుంటే చాలు. చిక్కల్లా ఏంటంటే, ఒక్కోసారి టీ కూడా కాస్త ఎత్తుగా ఉండి, ప్రోగ్రాం దాన్ని కూడా ఆర్ అనుకుంటుంది. అప్పుడు లెక్క డబుల్ అవుతుంది.

దానికి ఆ పేపర్‌లోనే మందు ఉంది. ఒక ఆర్ తర్వాత 360 మిల్లీసెకన్లలోపు ఇంకో శిఖరం వస్తే, దాని వాలు చూడు. అంతకుముందు ఆర్ వాలులో సగం కూడా లేకపోతే అది టీ, వదిలెయ్. నా కోడ్‌లో అది నాలుగు లైన్లు. పక్కన కామెంట్ కూడా రాశా, టీ వేవ్ అంటే నాయిస్ అని. వైవాలో ఎక్స్‌టర్నల్ "టీ వేవ్ వల్ల ఉపయోగం ఏంటి?" అని అడిగితే, "మా ప్రాజెక్టుకి లేదు సార్" అన్నా. ఆయన నవ్వి సంతకం పెట్టేశారు.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు అటువైపంతా ఉద్దానమే. కొబ్బరి, జీడి, పనస. బయటివాళ్లు చూస్తే కోనసీమకి చెల్లెలు అంటారు. మాకు మాత్రం ఇంకో పేరు కూడా పడిపోయింది, కిడ్నీల ఊళ్లని. నీళ్లన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. ఎన్నో టీమ్‌లొచ్చి మట్టీ, నీళ్లూ, రక్తం పట్టుకెళ్లాయి. ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీల కోసం ప్రత్యేకంగా 200 పడకల ఆసుపత్రి తెరిచారు. మా నాన్న వంతు ఆ తర్వాత వచ్చింది.

యాభై నాలుగేళ్లు. మొన్నమొన్నటిదాకా చెట్టెక్కి కాయలు దింపిన మనిషి. నాలుగు నెలల క్రితం డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శని. ఎడం చేతికి ఫిస్టులా పెట్టారు. అంటే ఒక ధమనినీ సిరనీ కలిపి కుట్టేస్తారు, సూదులు గుచ్చడానికి రక్తం జోరుగా పారేలా. అక్కడ వేలు పెడితే సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌లా గుర్రుమంటుంది.

కిడ్నీ మార్పిడికి కుదురుతుందా అని పంజాగుట్టలో ఒక పెద్ద డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నా. బుధవారం ఉదయం పదకొండుకి. నాన్న శనివారం డయాలసిస్ చేయించుకుని, సోమవారం రాత్రి పలాసలో రైలెక్కాడు. "మంగళవారందీ అక్కడే సేయించీయరా, మానొద్దు" అని అమ్మ ఫోన్‌లో రెండుసార్లు చెప్పింది. మంగళవారం సాయంత్రం మా టీమ్‌కి రిలీజ్. అపాయింట్‌మెంట్ రోజే అదీ పెట్టుకుందాంలే అనుకున్నా. ఒక్క రోజే కదా అని నేనే అన్నా. ఆ మాట ఎవరూ నాతో అనిపించలేదు.

సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగిన నాన్న చేతిలో బట్టల సంచీ, భుజం మీద గోనెసంచీ. గోనెసంచీలో ఆరు కొబ్బరి బొండాలు.

"ఇవెందుకు నాన్నా, ఇక్కడ దొరకవా?"

"ఇవి దొరకవురా. కొత్త చెట్లవి."

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను కాలేజీ హాస్టల్‌లో ఉన్నా. రెండ్రోజుల తర్వాత ఊరెళితే తోట లేదు. చెట్లన్నీ ఒకేవైపు పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. మా నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. మరుసటేడు మొక్కలు పెట్టాడు. ఆరేళ్ల తర్వాత అవి కాపుకొచ్చాయి. ఆ తొలి కాపులోవే ఈ ఆరు కాయలు. ఆయన నోట్లో వాటి చుక్క పడకుండా ఎవరాపుతారు?

బల్కంపేటలో నా రూమ్ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పొద్దున బాగానే ఎక్కాడు. మధ్యాహ్నం నేను లాప్‌టాప్ ముందుంటే, ఒక బొండాం తానే కొట్టుకుని తాగాడు. సాయంత్రం చిన్న నడకకి ఎల్లమ్మ గుడిదాకా వెళ్లొచ్చి, మెట్ల మీద రెండుసార్లు కూర్చున్నాడు. "కాళ్లు బరువుగున్నాయిరా. రైల్లో నిద్ర నేదు కదా." రిలీజ్ కాల్ మ్యూట్‌లో పెట్టి, నీరసానికి ఏం చెయ్యాలో ఫోన్‌లో వెతికా. డీహైడ్రేషన్ అంది. ఎలక్ట్రోలైట్లు అంది. రెండో బొండాం నా చేతులతో నేను కొట్టిచ్చా. మూడోది రూమ్మేట్ కొట్టిచ్చాడు, పెద్దాయన ఇష్టంగా తాగుతున్నాడని.

అక్కడ ఆగి ఒక లెక్క చెప్పాలి. కొబ్బరి నీళ్లలో వంద మిల్లీలీటర్లకి దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక పెద్ద బొండాంలో గ్రాముకి అటూఇటూ. మీకూ నాకూ అది ఏం చెయ్యదు, ఎక్కువైంది కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి రోజు మొత్తానికి తిండి ద్వారా వెళ్లాల్సిందే రెండు గ్రాముల దగ్గర ఉంచమంటారు చాలామంది డాక్టర్లు. ఈ సంగతి మా అమ్మకి కంఠతా వచ్చు. నాకు పీడీఎఫ్‌లో వచ్చింది. బావ నాలుగు నెలల క్రితం వాట్సాప్‌లో పెట్టిన డైట్ షీట్, నేను థంబ్సప్ కొట్టి తెరవని ఫైల్. నాకు గుర్తున్నది ఉప్పు తగ్గించాలి, నీళ్లు తగ్గించాలి, అంతే. మరి నాన్నకి తెలియదా అంటే, తెలుసు. "ఒక్కటికేటవుద్దిలే" అనుకున్నాట్ట. నేను రెండోది ఇస్తే, కొడుకు ఇచ్చాడని తాగాడు.

రాత్రి పదకొండున్నరకి బాత్రూమ్‌కని లేచి, మంచం దిగలేకపోయాడు. కాళ్లు కదలడం లేదు. మాట బాగానే ఉంది, నొప్పి లేదు. "తిమ్మిరెక్కినట్టుందిరా బాబూ" అంటున్నాడు. నేనూ, రూమ్మేటూ, కింద వాచ్‌మన్ అన్నా కలిసి కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు దింపాం. 108కి ఫోన్ చేసేలోపే వాచ్‌మన్ ఆటో ఆపేశాడు. డ్రైవర్ వెనక్కి ఒకసారి చూసి, "ఏం గాదన్నా, ఐదు నిమిషాల్ల ఏస్కపోతా" అన్నాడు. మెట్రో పిల్లర్ల కిందుగా, అమీర్‌పేట స్టేషన్ దాటి, పంజాగుట్ట. పగలు ఆ దారి అరగంట. నిజంగానే ఐదు నిమిషాల్లో తెచ్చాడు.

ఎమర్జెన్సీలో ఏమైందని అడిగితే నేను చెప్పింది ఇది: "ట్రావెల్ చేశారు సార్, నిద్ర లేదు, డీహైడ్రేషన్ అనుకుంటా." డయాలసిస్ అన్న మాట నా నోటి నుంచి రాలేదు. దాచలేదు. రాలేదంతే.

నర్సమ్మ ఛాతీ మీద ఆరు, చేతులకీ కాళ్లకీ నాలుగు, మొత్తం పది స్టిక్కర్లు అంటించింది. బీపీ పట్టీ పట్టుకుని ఎడం చేతి దగ్గరికి వస్తే నాన్న, "ఆ సెయ్యొద్దు తల్లీ, అది డయాలసిస్ సెయ్యి" అన్నాడు. పక్క బెడ్ దగ్గరున్న డ్యూటీ డాక్టర్ ఆ మాటకి తల తిప్పాడు. నాకంటే ఒకట్రెండేళ్లు పెద్దవాడేమో. వచ్చి ఫిస్టులా మీద వేళ్లు పెట్టి, మానిటర్ వైపు చూశాడు.

మానిటర్ మీద గుండె వేగం 124. మెల్లగా మాట్లాడుతున్న మా నాన్న గుండె అంత పరిగెడుతోందా అని నాకూ భయమేసింది. డాక్టర్ ఏం మాట్లాడకుండా కుడి మణికట్టు పట్టుకుని, గోడ గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. అర నిమిషం.

"పల్స్ 62 సిస్టర్. మెషీన్ ఒక్కోదాన్ని రెండేసిగా లెక్కపెడుతోంది."

నేను మానిటర్ దగ్గరికెళ్లి చూశా. ప్రతి సూది తర్వాతా ఇంకో సూది. గుట్ట ఉండాల్సిన చోట గుట్ట లేదు, మొన ఉంది. ఆ కంపెనీ వాళ్లు వాడింది వేరే ఆల్గారిథం కావచ్చు. తప్పు మాత్రం నాకు బాగా తెలిసిన తప్పే. టీ మరీ ఎత్తుగా, మరీ నిటారుగా లేచేసరికి వాలు పరీక్ష కూడా దాటేసి, మెషీన్ దాన్ని ఇంకో గుండెచప్పుడనుకుంది. నేను నాయిస్ అని కామెంట్ రాసిన ఆ టీ.

పన్నెండు లీడ్ల కాగితం బయటికొచ్చింది. దాన్ని చేతిలో పట్టుకునే డాక్టర్ నాన్నని ఒకే ప్రశ్న మూడు రకాలుగా అడిగాడు. "పెద్దాయనా, ఛాతీలో నొప్పుందా? పట్టేసినట్టు ఉందా? చెమటలు పట్టాయా?" లేదు, లేదు, లేదు. కాళ్లు కదలని మనిషిని ఛాతీ గురించి అడుగుతాడేంట్రా అని నాకు లోపల మండింది.

"చివరి డయాలసిస్ ఎప్పుడు?"

"శనివారం."

"ఇవాళ మంగళవారం. ఇవాళ చేయించలేదా? ఏం తిన్నారు, ఏం తాగారు?"

నాన్న నా వైపు చూశాడు. నేను చెప్పా. మూడు బొండాలని.

నాకింకా గుర్తు, ఆయన తిట్టలేదు. "బ్రదర్, పాత ఈసీజీ ఉందా?" అన్నాడు. ఫోన్ తీశా. గుడ్ మార్నింగ్ పువ్వులూ, పెళ్లి వీడియోలూ, బావ పంపిన కరెంటు బిల్లులూ దాటుకుంటూ పైకి జరిపితే, ఫిస్టులా ఆపరేషన్ ముందు తీసిన ఈసీజీ ఫొటో దొరికింది. కొంచెం వంకరగా ఉంది, మూలన అమ్మ బొటనవేలు కూడా పడింది. కానీ టీ కనిపిస్తోంది. చిన్న, నున్నటి గుట్ట. రెండూ పక్కపక్కన పెట్టి డాక్టర్ రెండు సెకన్లు చూశాడు. మేం కోడ్ రెండు వెర్షన్ల మధ్య డిఫ్ చూసినట్టే.

"కాల్షియం గ్లూకోనేట్ పట్రండి. రిపోర్ట్ కోసం ఆగొద్దు."

రక్తం తీసి పంపారు. అది వచ్చేలోపే, మానిటర్ చూస్తూ కొన్ని నిమిషాలపాటు మెల్లగా ఆ ఇంజెక్షన్ ఎక్కించారు. నేనూ మానిటరే చూస్తున్నా. మూడు నాలుగు నిమిషాలకి ఆ మొనలు వంగడం మొదలైంది. ఎవరో పైనుంచి అరచేత్తో నొక్కుతున్నట్టు. గుండె వేగం అంకె 124, 124, 63. మళ్లీ 124. తర్వాత 64. అక్కడ నిలబడింది. మా ప్రాజెక్టు అవుట్‌పుట్ కరెక్ట్‌గా వచ్చిన రోజు కూడా నేనంత గట్టిగా ఊపిరి వదల్లేదు.

పొటాషియం 7.4 వచ్చింది. మామూలుగా 3.5కీ 5కీ మధ్య ఉండాలి.

కాల్షియం ఎక్కించాక అయిపోయిందనుకున్నా. కాలేదు. కాల్షియం పొటాషియాన్ని ఒక్క పాయింటు కూడా తగ్గించదట. గుండె కండరానికి కాసేపు గొడుగు పడుతుంది, అరగంటా గంటా. ఆలోపు గ్లూకోజ్‌తో కలిపి ఇన్సులిన్ ఇచ్చారు, ఆయాసం ఉన్నవాళ్లకి పెట్టే సాల్బుటమాల్ మాస్క్ పెట్టారు. ఇవి రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తాయి. అదీ తాత్కాలికమే. నిజంగా ఒంట్లోంచి బయటికి పంపేది డయాలసిస్సే. రెండున్నరకి నాన్నని మెషీన్ దగ్గరికి తీసుకెళ్లారు.

నాలుగింటికి బయట టీ బండి దగ్గర ఆ డాక్టర్ కనిపించాడు. నా ప్రాజెక్టు సంగతి చెప్పా, టీని నాయిస్ అని రాసిన సంగతి కూడా. పగలబడి నవ్వాడు. "మాకు ఫస్ట్ చూసేది అదే బ్రదర్" అన్నాడు. ఆ పావుగంటలో ఆయన చెప్పింది, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెప్తున్నా.

గుండె కణం ప్రతిదీ ఒక బుల్లి బ్యాటరీ. ఆ సూది గీత, కింది గదుల్లోని బ్యాటరీలన్నీ ఒక్కసారిగా డిశ్చార్జ్ అవ్వడం. గుండె పిండుకునేది అప్పుడే. టీ అంటే అవన్నీ మళ్లీ చార్జ్ ఎక్కడం, తర్వాతి దెబ్బకి సిద్ధం కావడం. ఈ చార్జింగ్ జరిగేది కణం లోపలి పొటాషియం బయటికి పోవడం వల్ల. చిత్రం ఏంటంటే, బయట పొటాషియం పెరిగితే ఆ తలుపులు ఇంకా బాగా తెరుచుకుంటాయి. కణాలన్నీ హడావుడిగా, దాదాపు ఒకేసారి చార్జ్ అయిపోతాయి. అందుకే సాగి ఉండాల్సిన గుట్ట కుదించుకుపోయి మొనదేలుతుంది. పొటాషియం ఇంకా పెరిగితే ముందున్న పీ చదునై మాయమవుతుంది, సూది వెడల్పవుతుంది, చివరికి అంతా కలిసిపోయి మా మ్యాథ్స్ పుస్తకంలోని సైన్ వేవ్‌లా ఊగుతుంది. దాని తర్వాత గీత ఉండదు.

మరి ఛాతీ నొప్పి గురించి అన్నిసార్లు ఎందుకడిగారని అడిగా. గుండెపోటు మొదలైన తొలి నిమిషాల్లో, అందరూ చెప్పుకునే ఎస్‌టీ లేవడానికి ముందే, టీ ఎత్తుగా లేస్తుందట. అంటే ఎత్తయిన టీ రెండు రకాల ఆపదల్లో కనిపిస్తుంది, రెండింటికీ మందు వేరు. ఒకదానికి రక్తనాళంలో గడ్డ తియ్యాలి, ఇంకోదానికి కాల్షియం. తేడా ఆకారంలో ఉంది. గుండెపోటు టీ అడుగు వెడల్పుగా, లావుగా ఉంటుంది, మందస నుంచి చూస్తే కనిపించే మహేంద్రగిరిలాగ. అదీ గుండెలో ఏ వైపు దెబ్బ తగిలిందో ఆ వైపు లీడ్లలోనే. పొటాషియం టీ సన్నగా, రెండు వైపులా ఒకేలా, మొనగా ఉంటుంది, తుఫాను తర్వాత మేం టార్పాలిన్‌తో వేసుకున్న డేరాలాగ. అదీ చాలా లీడ్లలో. ఈ పోలికలు నావి, డాక్టర్‌వి కావు. ఆయన కాగితం గ్లాసు మీద గోటితో గీసి చూపించాడు.

"ఇంత తేలికైతే మెషీన్‌కే నేర్పించొచ్చు కదా?" అన్నా, నా బుద్ధి పోనిచ్చుకోకుండా.

"తేలిక కాదు కాబట్టే నేను మీ నాన్న చెయ్యి పట్టుకున్నా" అన్నాడు. ఎనిమిది దగ్గర పొటాషియం ఉండి కూడా ఈసీజీ మామూలుగా వచ్చినవాళ్లున్నారట. ఆరోగ్యంగా ఉండే కుర్రాళ్లలో ఏ జబ్బూ లేకుండా ఎత్తయిన టీ ఉంటుందట. టీ తలకిందులైతే ఇంకా గందరగోళం. ఏవీఆర్ అనే లీడ్‌లో టీ తలకిందులుగా ఉండటమే మామూలు. పిల్లల్లో ఛాతీ మీది మొదటి లీడ్లలోనూ అంతే. అదే తలకిందుల టీ ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డం పడినా వస్తుంది, తలలో రక్తస్రావం అయినా వస్తుంది. తలలో రక్తం కారితే గుండె గీత మారడమేంటని నేను నోరు తెరిచా. కాగితం మీద గీత ఒకటే. పక్కన మనిషి కథ లేకపోతే దానికి అర్థం సగమే. కథ చెప్పాల్సినవాణ్ణి నేను, మొదటి వాక్యంలోనే డీహైడ్రేషన్ అన్నా.

ఆ రాత్రి ఇంకో బెడ్ దగ్గర ఒక గొడవ జరిగింది. ఒక అంకుల్‌కి సాయంత్రం గుండెల్లో నొప్పొచ్చి తగ్గిపోయింది. "నొప్పి పోయింది కదా, ఇంటికి పోతా" అని ఆయన, పంపనని ఈ డాక్టర్. ఆయనకి వీ2, వీ3 లీడ్లలో టీ లోతుగా తలకిందులై ఉంది. దీని వెనక 1982 నాటి ఒక పరిశీలన ఉందని తర్వాత చదివా. నెదర్లాండ్స్‌లో వెలెన్స్ అనే గుండె డాక్టర్ బృందం, గుండెనొప్పితో చేరిన 145 మందిని గమనిస్తే 26 మందిలో ఇలాంటి టీ కనిపించింది. వాళ్లలో ఆపరేషన్ జరగని 16 మందిలో 12 మందికి కొన్ని వారాల్లోనే గుండె ముందు గోడకి పెద్ద పోటు వచ్చింది. భయపెట్టేది ఏంటంటే, ఈ టీ కనిపించేది నొప్పి లేనప్పుడే. మనిషి హాయిగా లేచి కూర్చుని, చెప్పులు ఎక్కడని వెతుక్కుంటున్నప్పుడు. ఆ అంకుల్ కూడా చెప్పులే వెతుకుతున్నాడు. వాళ్లమ్మాయి చెప్పులు తీసి బ్యాగులో పెట్టేసుకుంది. మంచి పని చేసింది.

పొద్దున రూమ్మేట్ టిఫిన్ తెచ్చి, మణికట్టు చూపిస్తూ అడిగాడు, "నా వాచ్‌లో ఈసీజీ ఉంది కదా, అది పెట్టుంటే తెలిసేది కాదా?" తెలిసేది కాదు. వాచ్ తీసేది ఒక్క లీడ్. అది ముఖ్యంగా వెతికేది గుండె లయ తప్పడాన్ని. గుండెపోటుని పట్టలేదని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్తారు, పొటాషియం మాట సరేసరి. బల్కంపేట రూమ్‌లో మేం వాచ్ పెట్టి, అంతా బాగుందని చూసుకుని, ఇంకో బొండాం కొట్టేవాళ్లమేమో.

తొమ్మిదింటికి డయాలసిస్ నుంచి వచ్చాక ఇంకో ఈసీజీ తీశారు. పొటాషియం 4.6. కాళ్లు కదిపి చూపించాడు నాన్న, ముందు కుడిది, తర్వాత ఎడమది. మూడు కాగితాలూ దుప్పటి మీద వరసగా పరిచా. నాలుగు నెలల కిందటిది ఫోన్‌లో, రాత్రిది, ఇప్పటిది. నాన్న కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు.

"ఇదేటిరా, రాత్రి దాంట్లో కొబ్బరిచెట్లేసినట్టుంది?"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నిజంగానే అలా ఉంది. వరసగా, నిటారుగా, తిత్లీకి ముందు మా తోటలాగ. ఇప్పటి కాగితంలో చెట్లు లేవు. చిన్న చిన్న గుట్టలు.

పదకొండు గంటల అపాయింట్‌మెంట్ వచ్చే వారానికి మార్చుకున్నాం. అమ్మకి ఫోన్ చేసి నేనే మొత్తం చెప్పా, రిలీజ్ సంగతితో సహా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వేటైనా తిన్నావా?" అంది.

సాయంత్రం బట్టలకని రూమ్‌కెళ్లా. మంచం కింద గోనెసంచీలో ఇంకో మూడున్నాయి. కాసేపు అలాగే చూస్తూ కూర్చుని, కత్తి తీసి ఒకటి కొట్టా. వాటిని తాగడానికి ఇంట్లో నాకే కిడ్నీలు బాగున్నాయి. సగం తాగేసరికి ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి, రూమ్మేట్ ఫోన్‌లో నాన్న.

"ఏటి సేత్తన్నావు?"

"బొండాం తాగుతున్నా నాన్నా."

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"ఎలాగుంది?"

"తియ్యగుంది."

"మరి! తొలి కాపు కదేటి."